రావులపాలెంలో దిగిన మనిషి

మా ఆయన విజయ్ పాల్ మాస్టారికి కథలు రాసే జబ్బుంది. కోపంతో అంటున్నాననుకుంటారేమో, అవును, కోపంతోనే అంటున్నాను. బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పి ఇంటికొచ్చి, టీ తాగి, అరుగు మీద కూర్చుని రోడ్డున పోయేవాళ్ళని చూస్తూ ఉంటారు. ఎవడైనా చెయిన్ ఊడి సైకిలు దిగితే చాలు, "వినీలా, వీడికి ఇంటికెళ్ళడం ఇష్టం లేక చెయిన్ వీడే ఊడదీశాడనుకో. ఎందుకై ఉంటుందంటావ్?" అంటారు. నేను కుట్టుమిషను ఆపకుండానే, "వెళ్ళి కాస్త సాయం పట్టండి, వాడినే అడగొచ్చు" అంటాను. ఆయన కదలరు. అడిగితే వాడు నిజం చెప్పేస్తాడట, ఇక ఊహించుకోవడానికి ఏమీ మిగలదట!

ఒకసారి నేను అలిగి పూటంతా అన్నం ముట్టలేదు. ఆ అలక కొన్నాళ్ళకి వారపత్రికలో అచ్చయింది. నా పేరైతే మార్చారు గానీ చీర రంగు కూడా మార్చలేదు. మా చెల్లెలు కొవ్వూరు నుంచి ఫోన్ చేసి, "ఏంటే అక్కా, బావగారితో గొడవయ్యిందా?" అని అడిగింది. సిగ్గుతో చచ్చాను. ఈయనగారేమో, "చూశావా, ఎంత సహజంగా వచ్చిందో!" అని మురిసిపోయారు.

అలాంటి మనిషికి పోయిన ఏడు, తొంభై తొమ్మిదిలో, బుర్ర ఎండిపోయింది. పంపిన కథలన్నీ తిరిగొచ్చాయి. కొత్తది ఏదీ తట్టడం లేదని తిండి సయించక, పిల్లల మీద విసుక్కుంటూ, అరుగు మీంచి లేచి లోపలికీ లోపల్నించి అరుగు మీదకీ తిరిగేవారు. మా సామ్యేలు బాబాయి పోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

సామ్యేలు బాబాయి మాకు రక్తసంబంధం ఏమీ కాదు. మా వెనక వీధి. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీలో పని చేసి మానేశాడు, మా లూథరన్ చర్చికి సంఘ పెద్ద. నవ్వడం పాపం అనుకునే రకం. ఒక్కగానొక్క కూతురు సుగుణ రావులపాలెం అబ్బాయి గంగరాజుని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. గంగరాజు హిందువు, అక్కడి అరటి మార్కెట్లో గెలలు తూకం వేస్తాడు. ఆ మార్కెట్ ఎదురుగానే సుగుణ టిఫిన్ బండి పెట్టుకుంది. ఆనాటి నుంచి బాబాయి కూతురి పేరు ఎత్తలేదు, ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. తన చావుకి కూడా దానికి కబురు పెట్టొద్దన్నాడు. సంపూర్ణమ్మ పిన్ని మొగుడి మాటకి జడిసి భూస్థాపన అయ్యేదాకా ఊరుకుంది. అయ్యాక మాత్రం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసి, జ్ఞాపకార్థ కూడికకైనా రా తల్లీ అని ఏడ్చింది.

మాలో ఆ కూడిక రోజు, పోయినవాళ్ళ జీవిత చరిత్ర చదవాలి. ఎప్పుడు పుట్టారు, ఎక్కడ బాప్తిస్మం తీసుకున్నారు, సంఘానికి ఏం చేశారు, అంతా ఒక పేజీలో రాసుకుని, ప్రసంగం చేసే పుల్పిట్ మీద బైబిలు పక్కన ఆ కాగితం పెట్టి చదువుతారు. చివర పాస్టరు అయ్యగారు ఆమెన్ అంటారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆ పేజీ రాసేదీ చదివేదీ ఎప్పుడూ మా ఆయనే. చావింటికి వెళ్ళి చాప మీద కూర్చుని ఎంతో ఓపిగ్గా అన్నీ అడుగుతారు. చర్చికి ఒక పేజీ, తన కథలకి బోలెడు సరుకు వెంటబెట్టుకుని వస్తారు. ఆ సంగతి ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు.

ఈసారి వట్టి చేతులతో వచ్చారు.

"ఏముందే బాబాయి జీవితంలో? పుట్టాడు, ఐస్ కొట్టాడు, చందాలు వసూలు చేశాడు, పోయాడు. పిన్నేమో సుగుణ వస్తోంది బాబూ, నాన్న నిన్ను తలుచుకున్నాడని దానికో మంచి మాట రాయమంటోంది. ఎక్కణ్ణించి తేను?"

"తలుచుకోలేదు కదా, రాయకండి" అన్నాను.

ఆయన గుమ్మంలో నిలబడి ఆలోచించారు. ఉన్నట్టుండి ఇటు తిరిగారు. "వినీలా! మన చర్చి మహాసభలకి బాబాయి రాజమండ్రి వెళ్ళేవాడు కదా. ఆ బస్సు రావులపాలెంలో ఆగుతుంది కదా. దిగి ఉంటే?"

"ఆయన దిగే మనిషి కాదండీ."

"దిగని మనిషి దిగితేనే కథ!"

చాలా నెలల తర్వాత ఆ మొహంలో కళ చూశాను. ఇదేదో పత్రికకి పంపే కథ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది. మార్కెట్ గేటు ఎదురుగా సుగుణ టిఫిన్ బండి, దూరంగా తండ్రి. పిలవాలా వద్దా? ఒకసారి పిలిచినట్టు అనుకున్నారు, బాగోలేదన్నారు. ఒకసారి సుగుణే చూసినట్టు అనుకున్నారు, అదీ తీసేశారు. చూడకుండా, పిలవకుండా మళ్ళీ బస్సెక్కేసినట్టు పెట్టి, ఇదే ఇదే అన్నారు. ఆ పూట అన్నం మారు వడ్డించుకుని తిన్నారు.

కూడిక రోజు చర్చి నిండిపోయింది. సుగుణ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, ముందుకి రావడానికి మొహం చెల్లక, తలుపు పక్కన ఆడవాళ్ళ చివరి వరసలో కూర్చుంది. మా ఆయన పుల్పిట్ ఎక్కారు. పుట్టుక, బాప్తిస్మం, ఐస్ ఫ్యాక్టరీ, సంఘ సేవ, అన్నీ వరసగా చదివారు. తర్వాత గొంతు తగ్గించి ఇది చదివారు: "కూతురి మీద కోపం ఆయన పెదవుల మీదే తప్ప మనసులో లేదు. రాజమండ్రి మహాసభలకి వెళ్ళిన ప్రతిసారీ ఆయన రావులపాలెంలో దిగేవారు. టిఫిన్ బండి దగ్గర పని చేసుకుంటున్న కూతుర్ని దూరం నుంచి కళ్ళారా చూసుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా మళ్ళీ బస్సెక్కేవారు."

పత్రికకి పంపుతారనుకున్న కథ అది! అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఆమెన్ అన్నారు. చర్చి మొత్తం ఆమెన్ అంది. వెనక నుంచి "నాన్నా!" అని సుగుణ పెట్టిన కేకకి చంకలో పిల్లలు కూడా ఏడుపు అందుకున్నారు. భోజనాల దగ్గర ఒకాయన, "నాకు తెలుసండీ, సామ్యేలు నాతో ఓసారి అన్నాడు కూడాను" అన్నాడు. ఇంకొకాయన తనూ ఆ బస్సులో ఉన్నానన్నాడు. వినేవాళ్ళకి అనుమానమే లేదు. పుల్పిట్ మీద చదివింది ఎవరు మాత్రం కాదంటారు?

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు.

"కథ అన్నారు కదండీ! కథని తీసుకెళ్ళి బైబిలు పక్కన పెట్టి చదువుతారా?"

"పిన్ని మంచి మాట అడిగిందే."

"మంచి మాట అడిగితే చచ్చిపోయినాయన్ని బస్సులోంచి దింపుతారా? మనిషన్నాక బుద్ధుండొద్దూ?"

"సుగుణ మొహం చూశావా నువ్వు? ఎన్నాళ్ళ బరువు దిగిపోయిందో చూశావా?" అన్నారాయన. నేను చూసింది ఆయన మొహం. కథ అచ్చైన రోజు ఎలా వెలుగుతుందో అలా వెలుగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బరువు దిగలేదు. కొన్ని వారాలు గడిచాయో లేదో గంగరాజు మా గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి గెడ్డం పెరిగి, కళ్ళు గుంటలు పడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మాస్టారున్నారాండి అక్కయ్యగారూ? మా ఆవిడ మనిషిలో మనిషి కాదండి. తణుకు వైపు నించి బస్సు వస్తే చాలు, అట్లకాడ చేత్తో పట్టుకునే రోడ్డు మీదకి వెళ్ళిపోతోందండి. అట్లు మాడిపోతున్నాయండి. నాన్న వచ్చి నిలబడితే నేను తలెత్తి చూడలేదు, నేను తలెత్తి చూడలేదు అని ఒకటే మాటండి. ఎప్పుడో ఒక ముసలాయన వచ్చి మంచినీళ్ళు అడిగితే బేరాల గొడవలో వినిపించుకోలేదంటండి. ఆయన ఊరుకుని వెళ్ళిపోయాడంటండి. అది నాన్నే, దాహంతో వెళ్ళిపోయాడు అంటోందండి. ముద్ద ముట్టడం లేదండి. మొన్న కళ్ళు తిరిగి కాలే పెనం మీద చెయ్యి పెట్టేసిందండి."

మా ఆయన లోపలి నుంచి అంతా విన్నారు. బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు. ఆ మంచినీళ్ళ ముసలాయన ఆయన కథలో లేడు. సుగుణ తనంతట తనే తెచ్చిపెట్టుకుంది. అప్పుడు మాత్రం ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

గంగరాజుకి మజ్జిగ ఇచ్చి పంపి నేను పిన్ని దగ్గరికి పరిగెత్తాను. పిన్ని పొయ్యి ముందు కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. "పిన్నీ, బాబాయి అక్కడ దిగలేదని నువ్వే చెప్పేయ్. కన్నతల్లివి, నువ్వు చెప్తే వింటుంది" అన్నాను.

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. "దిగలేదంటే, మరి నన్ను తలుచుకున్నాడా అమ్మా అని అడుగుతుంది కదే. ఏం చెప్పను? పోయేముందు, సుగుణకి కబురు పెట్టనా అని అడిగానే వినీలా. గోడ వైపు తిరిగి, ఎవరా సుగుణ, అన్నాడే. ఆఖరి మాట అదేనే. ఆ తర్వాత నోరు పడిపోయింది."

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "దిగలేదని మీ ఆయన్నే చెప్పమను. అంతవరకే చెప్పమను. ఈ మాట నా పిల్ల చెవిన పడకూడదు. ప్రభువు తోడు, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంది. ఇచ్చాను. మా ఆయనకి కూడా చెప్పలేదు, చెప్తే ఏ కథలో పెడతారోనని.

ఆ శనివారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. తణుకులో బస్సు మారాం. "చూడండి, నేను అల్లాను అని చెప్పి, క్షమించమని అడిగి ఊరుకోవాలి. అటు ఒక్క అక్షరం కలపకూడదు, ఇటు ఒక్క అక్షరం కలపకూడదు" అని దారి పొడుగునా చెప్తూనే ఉన్నాను. ఆయన బుద్ధిగా తలూపారు. సిద్ధాంతం వంతెన దాటుతుంటే గోదావరి వైపు కూడా చూడలేదు.

మార్కెట్ దగ్గర లారీలు, ఆటోలు, ఎక్కడ చూసినా గెలలు. సుగుణ బండి వెనక కూర్చుని ఉంది. ఎడం చేతికి గుడ్డ చుట్టి ఉంది. దవడలు లోపలికి పోయాయి. మమ్మల్ని చూసి లేచి, ముందు మా వెనక ఆగిన బస్సు వైపు చూసి, తర్వాత మాకు ముక్కాలి పీటలు వేసింది. పెనం కింద మంట తగ్గించి, పిండి గిన్నె మీద మూత పెట్టింది.

మా ఆయన కూర్చోలేదు. చేతులు కట్టుకుని, బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలా చెప్పేశారు. "సుగుణా, నేను చర్చిలో చదివింది నిజం కాదమ్మా. మీ నాన్నగారు ఇక్కడ దిగడం నేను చూడలేదు, నాకెవరూ చెప్పలేదు. నేనే అల్లాను. తప్పయింది. నన్ను క్షమించు."

గంగరాజు తూకం దగ్గర నుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. సుగుణ మా ఆయన వైపు చూసి నవ్వింది. ఎంత నీరసం నవ్వో అది!

"ఈయన మీ ఇంటికొచ్చి చెప్పారు కదండీ, నేను తిండి మానేశానని? నామీద జాలితో అంటున్నారు మాస్టారూ."

"కాదమ్మా, ఒట్టు."

"చర్చిలో చదివారు కదండీ. బైబిలు పక్కన పెట్టుకుని చదివారు. అయ్యగారు ఆమెన్ అన్నారు. సంఘమంతా అంది. అక్కడ అబద్ధం ఆడతారాండీ మీరు? అక్కడ ఆడని అబద్ధం ఇక్కడ నడిరోడ్డు మీద, నా మంచి కోరి ఆడుతున్నారు. మీరు కథలు రాస్తారు కదండీ. ఇదొక కథ" అంది.

ఆయన తల తిప్పి నా వైపు చూశారు. నేనూ అన్నాను, నిజంగానే ఆయన అల్లారు సుగుణా, నాకు తెలుసు అని. "మొగుడి మాట కాదంటావా వదినా" అని తోసేసింది. బండి వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి తీసుకెళ్ళింది. మార్కెట్ గేటు పక్క సిమెంటు స్తంభం చూపించింది. "ఇక్కడే వదినా నాన్న నిలబడింది. గేటు కాపలా ఆయన్ని అడిగాను. గొడుగుతో ఒక పెద్దాయన నిలబడేవాడు, నాకు గుర్తే అన్నాడు. ఇక్కణ్ణించి చూడు, నా బండి ఎంత బాగా కనిపిస్తోందో. నేను ఒక్కసారి... ఒక్కసారి తలెత్తి ఉంటే..." అంటూ ఆ స్తంభానికి నుదురు ఆనించుకుని ఏడవడం మొదలుపెట్టింది. గెలలు మోసేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

నేను దాని వీపు నిమురుతున్నాను. ఎవరా సుగుణ అన్న మాట నా గొంతు దాకా వచ్చింది, నిజంగా వచ్చింది. అది చెప్తే ఈ స్తంభం దగ్గర ఇంకెవరూ ఉండరు. కానీ ఆ తర్వాత ఈ పిల్ల బతుకుతుందా? ఎముకలు చేతికి తగులుతున్నాయి. భయమేసింది. ఆ భయంలో నా నోరు నా మాట వినలేదు.

"పిచ్చిదానా, నువ్వు తలెత్తితే మాత్రం కనిపించేవాడా మీ నాన్న?" అన్నాను. "ఆయన పౌరుషం నీకు తెలీదూ? నువ్వు ఇటు తిరిగితే చాలు, లారీ చాటుకి తప్పుకునేవాడు. నువ్వు చూడకూడదనే కదా అంత దూరంలో నిలబడింది! నీ కంట పడితే ఆ మనిషి మళ్ళీ ఇటు వచ్చేవాడేనా? అలాంటివాడు నీ దగ్గరికొచ్చి మంచినీళ్ళు అడుగుతాడా? ఆ ముసలాయన ఎవరో దారిన పోయేవాడు."

సుగుణ ఏడుపు ఆపింది. నా మొహంలోకి చూసింది. "లారీ చాటుకా?"

"లారీ చాటుకే."

"అంతేలే," అంది. "అదీ మా నాన్న. అంత పంతం మనిషి." కళ్ళు తుడుచుకుంది. "చచ్చినా కనిపించేవాడు కాదు" అని, ఈసారి నిజంగా నవ్వింది.

బండి దగ్గరికొచ్చాక గంగరాజు ప్లేట్లో ఇడ్లీలు పెట్టి ఇస్తే, చిన్నపిల్లలా చట్నీ వేలితో నాకుతూ తింది. గంగరాజు అటు తిరిగి కళ్ళు వత్తుకున్నాడు.

బస్సు వచ్చేముందు సుగుణ మా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, లారీ చాటు సంగతి మీరు చర్చిలో చదవడం మర్చిపోయారు. అది చదివి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వచ్చే ఏడు నాన్న కూడికలో తప్పకుండా చదవాలి. మీరొద్దులెండి, మళ్ళీ మర్చిపోతారు. వదిన చదవాలి. చదువుతావు కదూ వదినా? పుల్పిట్ మీద విన్నాననుకో, ఇక నాకు ఏ దిగులూ ఉండదు."

చదువుతానన్నాను. ఏం చెయ్యను!

తిరుగు బస్సులో మా ఆయన పెరవలి దాటాక మెల్లగా నా వైపు వంగి, "వినీలా, లారీ చాటు... అది ఎలా తట్టిందే నీకు?" అని అడిగారు. ఆ గొంతులో ఎగతాళి లేదు. కాస్త అసూయ కూడా ఉందేమో. "నోరు మూసుకోండి" అన్నాను గట్టిగా. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఏడాది తిరిగొచ్చింది. కూడిక ఈ ఆదివారమే. సుగుణ ఒళ్ళు చేసిందట, అట్లు మాడటం లేదట, గంగరాజు ఫోన్ చేసి చెప్పాడు. పిన్ని కూడా వస్తుంది. తల్లీకూతుళ్ళిద్దరూ ముందు వరసలో పక్కపక్కన కూర్చుంటారు. నేను బైబిలు పక్కన కాగితం పెట్టి చదవాలి, అయ్యగారు ఆమెన్ అనాలి. గోడ వైపు తిరిగి ఆయన అన్న మాట చెవులారా విన్న మనిషి ఒకరు, లారీ చాటు కోసం ఎదురు చూసే మనిషి ఒకరు. ఎవరి మొహం చూసి చదవమంటారు చెప్పండి?